బిట్టు మీద రాసిన సైజు నమ్మకండి

సింహద్వారానికీ పూజగది తలుపుకీ సీఎన్‌సీ రూటర్ మీద డిజైన్ చెక్కించుకోవడం మామూలైపోయింది. కె.కోటపాడు కుర్రాడెవరైనా అనకాపల్లి, విశాఖ షాపుల్లో పనికి చేరితే, ఫైలు లోడ్ చేసి మిషన్ నడపడం త్వరగానే పట్టుబడుతుంది. అంత తేలిగ్గా వచ్చే పనికి జీతమూ అంతంతమాత్రమే. టేకులో గుంత తీసి, అందులో రోజ్‌వుడ్ పువ్వుని సందు కనబడకుండా పొదగగలిగితే మాత్రం ఓనరు మిమ్మల్ని వదులుకోడు.

పొదుగుడు పని మన ప్రాంతానికి కొత్తేం కాదు. 18వ శతాబ్దంలోనే విశాఖపట్నం వడ్రంగులు రోజ్‌వుడ్ కుర్చీల్లో, పెట్టెల్లో ఏనుగుదంతం పొదిగి, దాని మీద చెక్కిన గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలు మోజుపడి కొనుక్కున్న అలాంటి సరుకు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో నేటికీ ఉంది. దంతం వ్యాపారం ఇప్పుడు నేరం. చెక్కలో చెక్క పొదగడానికి ఏ అడ్డూ లేదు.

ఇక ఈ పనిలో అసలు చిక్కు. చెక్కని కోసే బిట్టు మీద 3 మి.మీ. అని రాసి ఉంటుంది. దాన్ని పట్టుకునే కోలెట్‌లో అది కాస్త ఊగినా 3.1 మి.మీ. గాడి తీస్తుంది. అప్పుడు గుంత 0.1 మి.మీ. పెద్దదవుతుంది, అందులో పొదిగే ముక్క 0.1 మి.మీ. చిన్నదవుతుంది. రెండూ కలిసి 0.2 మి.మీ. తేడా. పాలిష్ పడ్డాక ఆ సందు నల్లటి గీతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ముందుగా వేస్టు చెక్క మీద ఒక్క గాడి తీసి, వెర్నియర్‌తో వెడల్పు కొలిచి, ఆ అంకెనే బిట్టు సైజుగా సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలి. అంచు దగ్గర కొద్దిగా చెక్క వదిలి, చివర్లో పల్చటి ఫినిషింగ్ పాస్ వేయాలి. తొందరపడి ఈ పాస్ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

గుండ్రటి బిట్టు లోపలి మూలని పదునుగా తీయలేదు. 3 మి.మీ. బిట్టయితే 1.5 మి.మీ. వంపు మిగులుతుంది. ఉలితో సరిచేయాలి, లేదా ముక్క మూలని అంతే గుండ్రం చేయాలి. ఆకుల మొనలు, అక్షరాలు ఉన్న డిజైన్లకి వీ-బిట్టే నయం. మూలలోకి వెళ్లేకొద్దీ అది పైకి లేస్తుంది కాబట్టి మొన పదునుగా వస్తుంది. వీ-బిట్టుతో గుంత 5 మి.మీ. లోతు తీస్తే, ముక్క 4 మి.మీ. దిగేలా లెక్క కట్టండి. అడుగున మిగిలిన 1 మి.మీ. జిగురుకి. ముక్క గుంతలో బోర్లా దిగుతుంది కాబట్టి దాని డిజైన్‌ని అద్దంలోలా తిప్పడం మాత్రం మరిచిపోవద్దు. వానాకాలం తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి రెండు చెక్కల్నీ కొన్ని రోజులు ఒకేచోట ఆరనిచ్చి, వీలైతే గుంతనీ ముక్కనీ ఒకే రోజు కోయండి.

ఐటీఐలో చెక్కపని ట్రేడ్‌కి 8వ తరగతి చాలు, కోర్సు ఏడాది. మిషన్ల మీద ఇంకా లోతుగా నేర్చుకోవాలంటే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ప్రత్యేక శిక్షణ కేంద్రం ఉంది.

పనికోసం వెళ్లేటప్పుడు ఫోన్లో ఫొటోలు చూపించి ఊరుకోకండి. పైన కనిపించే సందుని రంపంపొట్టు, జిగురు కలిపి ఎవరైనా పూడ్చేయగలరు. మీరు పొదిగిన నమూనా చెక్కని నడిమికి అడ్డంగా కోసి, ఆ కోత వైపు కనబడేలా ఓనరు చేతికివ్వండి. జాయింటు లోపల ఎలా కూర్చుందో ఆయనే చూసుకుంటాడు.