తోట బల్ల మీదకి బూరుగు దూది మెత్త: ఇంట్లోనే కుట్టుకునే విధానం

తోటలో చెట్టు కింద సిమెంటు బల్లో, రాతి అరుగో ఉంటుంది కదా, దాని మీద వేసుకునే మెత్తని ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. కుట్టేటప్పుడు చేతులు ఎలా పెట్టాలో వీడియోలో చూడండి. కొలతలు, కారణాలు ఇక్కడ రాస్తున్నాను.

పొలం పని చేసేవాళ్లకి మెత్తలెందుకు అని కొందరు అడుగుతారు. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు. రాతి బల్ల పొద్దున్నే చల్లగా కొడుతుంది, ఎండెక్కితే కాలుతుంది. మెత్త వేసినప్పటి నుంచి ఆయన నింపాదిగా కూర్చుని బీర, ఆనప విత్తనాలు ఏరుతున్నారు. ఏ గింజ ఉంచాలో, ఏది తీసెయ్యాలో పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను. ఆయన ఎంతసేపు కూర్చోగలిగితే నాకు అంత పాఠం.

లోపల ఏం నింపాలి?

బయట వాడే మెత్తకి అసలు శత్రువు తేమ. త్వరగా ఆరే మెత్త నిలుస్తుంది, ఆరనిది బూజు పడుతుంది. అన్నీ ఈ లెక్కతోనే ఎంచుకోవాలి.

బజారులో దొరికే ఫోము నీళ్లు పీల్చుకుని పట్టుకుంటుంది. ఎండకి పసుపెక్కి పొడి పొడిగా రాలిపోతుంది. ఆ పొడి మన మట్టిలోనే కలుస్తుంది, కానీ కుళ్లదు.

మరి వరిగడ్డి ఉంది కదా అంటారేమో. ఆచ్ఛాదనకి గడ్డి మంచిదే, ఎందుకంటే అది తేమ పట్టి కుళ్లి మట్టవుతుంది. మెత్తలో ఆ గుణమే పనికిరాదు. పైగా ఎలుకలు చేరతాయి.

బూరుగు దూది వేరు. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనం పొర ఉంటుంది. అందుకే నీటిని మామూలు పత్తిలా పీల్చదు. తెల్ల బూరుగు దూదిని ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపేవారు. మన చేల గట్ల మీద ఎర్రగా పూసే బూరుగు దూది కూడా మెత్తలకి బాగా పనికొస్తుంది. చెట్టు లేనివాళ్లు పరుపులు కుట్టేవాళ్ల దగ్గర అడగండి.

కాయలు గోధుమ రంగుకి తిరిగి, పగలక ముందే కోసి ఎండబెట్టాలి. దూది వలిచి, గోనెసంచిలో వేసి కర్రతో కొడితే గింజలు విడిపోయి అడుక్కి దిగుతాయి. గింజలు మిగిలితే పురుగులు, ఎలుకలు వస్తాయి. ఈ పని ఫ్యాను ఆపి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని చెయ్యండి.

లోపలి సంచి

బల్ల పొడవునా ఒకే పెద్ద మెత్త వద్దండి. సుమారు 18 అంగుళాల చదరపువి రెండు మూడు చేసుకుంటే తేలిగ్గా ఆరతాయి, మొయ్యడమూ సులువు.

1. నేత చిక్కగా ఉన్న నూలు గుడ్డ తీసుకోండి. నేత పల్చగా ఉంటే దూది బయటికి వచ్చేస్తుంది. ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేశాకే కత్తిరించండి. లేకపోతే ఉతికాక ముడుచుకుంటుంది.
2. 20 × 20 అంగుళాల ముక్కలు రెండు కత్తిరించండి. మంచి వైపులు లోపలికి పెట్టి, అర అంగుళం వదిలి చుట్టూ కుట్టండి. ఒక వైపు మధ్యలో 6 అంగుళాలు తెరిచి ఉంచండి. కుట్టు పక్కనే ఇంకో వరస వెయ్యండి.
3. తిరగేసి, మూలల నుంచి మొదలుపెట్టి దూది నింపండి. నాకు ఒక్కోదానికి సుమారు 700 గ్రాములు పట్టింది. తర్వాత నోరు కుట్టెయ్యండి.
4. దబ్బనంతో అయిదు చోట్ల పైనుంచి కిందకి దారం దూర్చి, రెండు వైపులా పాత చొక్కా గుండీలు పెట్టి ముడి వెయ్యండి. దూది ఒక పక్కకి జరిగిపోదు.

పై గలేబు

దళసరి చేనేత గుడ్డ గానీ, పాత జీన్సు గానీ బాగుంటుంది. జిప్పు వద్దు, తుప్పు పడుతుంది. ముందు ముక్క 20 × 20, వెనక ముక్కలు రెండు, ఒక్కోటి 20 × 13. వెనక ముక్కలకి ఒక్కో పొడవాటి అంచుని అంగుళం మేర మడిచి కుట్టండి. మంచి వైపు పైకి ఉండేలా ముందు ముక్క పరిచి, దాని మీద వెనక ముక్కల్ని బోర్లించండి. మడిచిన అంచులు మధ్యలో 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి. ఒక మూల గుడ్డ పట్టీని ఉంగరంలా మడిచి లోపలికి పెట్టి, అర అంగుళం వదిలి చుట్టూ కుట్టి తిరగెయ్యండి. ఆ ఉంగరంతో మేకుకి తగిలించుకోవచ్చు.

దారం విషయం నిజం చెప్పాలి. ఎండకి పాలిస్టరు దారం ఎక్కువ కాలం ఆగుతుంది. నేను నూలు దారమే వాడాను, అప్పుడప్పుడూ మళ్లీ కుట్టుకోవాలి. మెత్త పాతబడ్డాక గుండీలు, జిప్పులాంటివి తీసేసి నూలు గుడ్డ, దూది కంపోస్టు గుంటలో వేసుకోవచ్చని అలా చేశాను. మీ ఇష్టం.

జాగ్రత్తలు

దూది నీళ్లు పీల్చకపోయినా గుడ్డ తడుస్తుంది, అందుకని వానలో వదిలెయ్యకండి. సాయంత్రం లోపల పెట్టుకోండి. మెత్త కింద ఈత చాప ముక్క వేస్తే బల్ల చెమ్మ ఎక్కదు. గలేబు మాత్రమే ఉతకండి, లోపలి సంచిని నీళ్లలో ముంచితే దూది ఉండ కడుతుంది. వారానికోసారి రెండు వైపులా ఎండ చూపిస్తే చాలు. బూరుగు దూది ఇట్టే అంటుకుంటుంది, బీడీ, చుట్ట కాల్చేవాళ్లని దాని మీద కూర్చోనివ్వకండి.

బూరుగు కాయలు ఎండాకాలంలోనే పగులుతాయి. ఆకులన్నీ రాలి చెట్టు ఎర్రగా పూసినప్పుడే మీ ఊళ్లో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. చెట్టు యజమానిని అడిగి, కాయలు పగలక ముందే తెచ్చుకోండి.