సేవ నుండి న్యాయవిద్యకు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

న్యాయవాద వృత్తి అనగానే నల్లకోటు, లావుపాటి గ్రంథాలు, వాదప్రతివాదాలు మన కండ్ల ముందు మెదులుతాయి. సంఘసేవ అనగానే వేరొక దృశ్యం తోస్తుంది. మొదటిది జీవనోపాధి కొరకు, రెండవది తీరిక వేళల కొరకు అని సాధారణంగా భావిస్తాం. ఈ భావన ఎంతవరకు సరియైనదో తెలుసుకొనడానికి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చక్కని పాఠం. ఆమె విషయంలో సేవ ముందు వచ్చింది, న్యాయశాస్త్రం తరువాత వచ్చింది. మొదటిదే రెండవదానికి కారణమయింది.

కాకినాడలో బాల్యం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదవ ఏటనే వివాహమయింది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధాన్ని ఆమె అంగీకరించలేదు. కుటుంబం ఆమె పక్షాన నిలిచింది. ఆ కాలానికి ఇది సామాన్యమైన విషయం కాదు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు ఆమె ఇంకను బాలిక. దేవదాసీలు, బురఖా ధరించే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని ఆమె తలచారు. ఆయన సమయం కావలెనన్నచో 5,000 రూపాయల నిధి ఇవ్వవలెనని నిర్వాహకులు అన్నారు. ఆ సొమ్మును ఆమె సేకరించి చూపారు, సభ జరిపించారు, గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో వినిపించారు. బహిరంగ సభలకు రాజాలని స్త్రీలను వెదకి పిలిచిన ఈ గుణమే ఆమె జీవితమంతటికీ పునాది. బాలికలకు హిందీ నేర్పే పాఠశాలను కూడా ఆమె ఆ పట్టణంలోనే నడిపారు.

1923లో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖాదీ ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడిన దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. టిక్కెట్టు వచ్చిన పిదపనే దారి ఇచ్చారు. నియమం ఎవరికైనా ఒకటే అనే న్యాయసూత్రాన్ని ఆమె గ్రంథాలు చదువక పూర్వమే ఆచరించారు. స్త్రీలు న్యాయవాదులు కారాదనే అడ్డంకిని తొలగించిన చట్టం మన దేశంలో వచ్చినదీ ఆ 1923లోనే.

చెరసాల నేర్పిన పాఠం

1930 ఉప్పు సత్యాగ్రహంలోను, ఆ తరువాతను ఆమె పలుమార్లు జైలుకు వెళ్ళారు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్యులైన స్త్రీలను చూశారు. చేయని నేరానికి కూడా తమ పక్షాన ఏమి చెప్పుకోవాలో తెలియక శిక్ష పొందినవారు వారిలో ఉన్నారు. చట్టం తెలిసి వీరి పక్షాన మాట్లాడేవారు కావలెనని ఆమెకు తోచింది. అందుకు తానే చదువుకొనాలని నిశ్చయించుకున్నారు.

ఆ చదువు సులభంగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌ను కాశీ విశ్వవిద్యాలయం నుండి ప్రైవేటుగా పూర్తిచేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా స్త్రీలకు వసతిగృహం లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువదలచిన యువతులను కూడగట్టి, ఆ కొరతను తీర్చుకున్నారు. రాజనీతిశాస్త్రంలో పట్టా పొంది, 1942లో న్యాయశాస్త్ర పట్టా కూడా సాధించి మద్రాసులో న్యాయవాదిగా పనిచేశారు. అంతకు పూర్వమే, 1937లో, ఆంధ్ర మహిళాసభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను కొద్దికాలంలో పరీక్షలకు సిద్ధపరచడం ఆమె చేపట్టిన ముఖ్యమైన పనులలో ఒకటి. తాను నడిచిన కష్టమైన బాటను ఇతరులకు సులభం చేశారన్నమాట.

రాజ్యాంగసభలో

1946లో ఆమె రాజ్యాంగసభ సభ్యురాలయ్యారు. భాషను గూర్చిన చర్చలో హిందీ, ఉర్దూలు కలిసిన హిందుస్తానీని సమర్థిస్తూ, హిందీని బలవంతంగా రుద్దరాదని హెచ్చరించారు. రెండు భాషల ఒడిలో పెరుగుతున్న మన విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయమిది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలుండాలని ఆమె కోరారు. 1981లో ఆమె కన్నుమూశారు. ఆ కోరికకు రూపమిచ్చిన కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.

మన కర్తవ్యం

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ప్రతి స్త్రీ ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టుకుంటే చాలునని మన వీధులలో ఎందరు తల్లులకు తెలుసు? ఏమి వ్రాసి ఉన్నదో తెలియని కాగితంపై వేలిముద్ర వేసే స్త్రీకి, ఆనాడు దుర్గాబాయి జైలులో చూసిన స్త్రీకి భేదం స్వల్పమే.

ఉర్దూలో చెప్పిన బాధను విని తెలుగులో అర్జీగా వ్రాయగల శక్తి మన విద్యార్థినీ విద్యార్థులకు కలదు. ఇందుకు న్యాయవాది పట్టా అవసరం లేదు. వారానికి ఒక పూట కళాశాలలో ఒక గదిని ఈ పనికి కేటాయించవలసినదిగా కళాశాల సంఘం పెద్దలకు విన్నవించుకుంటున్నాము. ఆ గదిలో అర్జీలు వ్రాసిన విద్యార్థినులలో కొందరైనా రేపు న్యాయశాస్త్రం చదువుతారని మా విశ్వాసం.