వేపపండ్లు రాలుతున్నాయి, సంచులు నింపారా?

మృగశిర కార్తె వచ్చిందంటే దుక్కులు, పత్తి విత్తనాల హడావుడే తప్ప గట్టు మీది వేపచెట్టు వైపు తలెత్తి చూసే తీరిక ఎవరికుంటుంది? గట్ల వెంట నాలుగు చెట్లు పెంచాలనుకునే రైతు మాత్రం చూడాల్సింది ఇప్పుడే. మార్చి, ఏప్రిల్‌లో పూసిన వేప ఇప్పుడు పండ్లు రాలుస్తోంది.

కందుల్లా పెసల్లా డబ్బాలో పోసి దాచుకునే గింజ కాదిది. కొద్ది వారాల్లోనే చచ్చిపోతుంది. నేనూ ఒకసారి ప్లాస్టిక్ కవరులో మూటగట్టి అటక మీద పెట్టాను. శ్రావణంలో విప్పితే బూజు వాసన తప్ప ఏమీ మిగల్లేదు. పసుపురంగు తిరిగిన పండ్లనే ఏరండి. గుజ్జు పిసికి కడిగి, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, వెంటనే సంచుల్లో విత్తండి. అనుమానముంటే పది గింజల పెంకు పగలగొట్టి, పప్పును గోటితో చీల్చి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొలుస్తుంది. గోధుమరంగుకు తిరిగితే విత్తడం దండగ.

ఇప్పదీ ఇదే తొందర. తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరితే కాపు తగ్గుతుందని కొందరి భయం. రాలేది కండగల పూరెక్కలే, పిందె కొమ్మనే ఉంటుంది. పువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెట్టడమే అసలు చేటు, నిరుటి మొలకలు ఆ మంటకే పోతాయి. ఇప్పుడు పండుతున్న కాయల్లో రెండు గుప్పెళ్ల గింజలు నూనెకు పోకముందే పక్కన పెట్టి, ఆ వారమే నాటేయండి.

కానుగది నిదానం. పూత నుంచి కాయ ముదరడానికి పది నెలల పైమాటే, అందుకే వేసవిలో ఒకే చెట్టుకు కొత్త పూతా నిరుటి కాయా కనిపిస్తాయి. శేషాచలం కొండల ఎర్రచందనమూ అంతే. ఏప్రిల్, మేలో పూస్తే కాయ దించేది మళ్లీ ఫిబ్రవరి, మార్చిలోనే. రెక్కల బిళ్లలాంటి ఆ కాయల్లో కొన్ని ఉత్త తాలు, నాలుగైదు కోసి చూశాకే మిగతావి విత్తాలి.

పుస్తకంలో రాసిన నెలకంటే మీ చెట్టునే నమ్మండి. ఒకే ఊళ్లో చెరువుగట్టు వేపకూ గరువు మీది వేపకూ పది పదిహేను రోజుల తేడా ఉండొచ్చు. విరగకాసింది కదా అని ఒక్క చెట్టు కిందే బస్తా నింపకండి. దూరదూరంగా ఉన్న పది చెట్ల గింజ కలపండి. 2021లో తెలంగాణలో వేపచెట్లు ఎలా మాడిపోయాయో చూశాం. అందులో ఫోమాప్సిస్ శిలీంధ్రం పాత్ర ఉంది, అది గింజ వెంట కూడా వస్తుంది. కొమ్మల చివర్లు ఎండిన చెట్టు గింజ ఎంత బాగున్నా వద్దు.

ముందు పండిన చెట్ల గింజ ఈ వారం, వెనక పండేవాటిది ఆరుద్రలో ఏరి, సంచులు విడిగా పెట్టి గుర్తు రాసుకోండి. ఏ విడత మొలక ఏపుగా వచ్చిందో నాటే రోజున తెలుస్తుంది.