శ్రమల పువ్వు



ఒక ఇంట్లో సాయంకాల ప్రార్థనకు వెళ్ళినప్పుడు ప్రహరీ గోడ మీద అల్లుకున్న పూలతీగ కనిపించింది. ఊదారంగు పువ్వు, చుట్టూ సన్నని పోగులు, మధ్యలో చిన్న స్తంభం. "ఇది కృష్ణకమలం" అన్నది ఇంటి పెద్దావిడ. పదో తరగతి చదివే మనవడు ఊరుకోలేదు. "ఇంగ్లీషులో దీన్ని ప్యాషన్ ఫ్లవర్ అంటారు అమ్మమ్మా. ప్యాషన్ అంటే మోహం, గాఢమైన కోరిక అని డిక్షనరీలో ఉంది. పువ్వుకి ఆ పేరేమిటి?" అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. జవాబు తెలిస్తే ఆ పువ్వును మనం చూసే చూపే మారిపోతుంది.

ఈ జాతి తీగల్లో చాలావాటికి పుట్టిల్లు అమెరికా ఖండాలు. 16వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన స్పెయిన్ దేశస్థులు దాని కాయను చూసి 'గ్రనడిల్లా', అనగా చిన్న దానిమ్మ అన్నారు. వేదప్రచారానికి వెళ్ళిన గురువులు మాత్రం పువ్వును చూసి ఆగిపోయారు. అందులో వారికి క్రీస్తు ప్రభువు శ్రమల గుర్తులు కనిపించాయి. మెక్సికో నుండి వచ్చిన ఒక అగస్టీను సభ గురువు ఆ పువ్వు బొమ్మలను రోము నగరంలో జాకొమో బోసియో అనే చరిత్రకారునికి చూపించాడు. ఇటువంటి పువ్వు నిజంగా ఉంటుందా అని బోసియో మొదట సందేహించాడు. ఆ దేశం నుండి వచ్చిన ఇతరులు కూడా అవునన్న తరువాతే, సిలువను గూర్చి 1610లో వెలువడిన తన గ్రంథంలో దానికి చోటిచ్చాడు. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 'పాసిఫ్లోరా' అన్న పేరునే శాస్త్రంలో స్థిరపరిచాడు. లతీను భాషలో 'పస్సియో' అంటే బాధ, శ్రమ. 'ఫ్లోస్' అంటే పువ్వు. కాబట్టి ఇది శ్రమల పువ్వు.

విశ్వాసులు ఆ పువ్వును ఇలా చదువుకున్నారు. ఐదు రక్షక పత్రాలు, ఐదు ఆకర్షక పత్రాలు కలిపి పది. ప్రభువును ఎరుగనన్న పేతురును, అప్పగించిన యూదాను మినహాయించగా మిగిలిన పదిమంది శిష్యులకు అవి గుర్తు. చుట్టూ ఉన్న పోగులు ముళ్ళ కిరీటం. ఐదు కేసరాలు పంచగాయాలు. పైన మూడుగా చీలిన కీలాగ్రాలు మూడు మేకులు. మధ్యనున్న కాడ ప్రభువును కట్టివేసి కొట్టిన స్తంభం. మెలికలు తిరిగిన నులితీగలు కొరడాలు.

మరి ఆ పోగులు, కేసరాలు నిజానికి ఎందుకున్నాయి? తేనె కోసం వచ్చే తుమ్మెద వీపుకు పుప్పొడి అంటడానికి. తరువాత కీలాగ్రాలు కిందికి వంగి, మరో పువ్వు నుండి తుమ్మెద తెచ్చిన పుప్పొడిని అందుకుంటాయి. ఇది సృష్టికర్త ఏర్పాటు. అదే పువ్వులో మన పొరుగువారు నూరుగురు కౌరవులను, పంచపాండవులను చూస్తారు. జపాను దేశస్థులు గడియారం పువ్వు అంటారు. ఎవరి హృదయంలో ఏ కథ నిండి ఉంటుందో వారి కంటికి అదే కనిపిస్తుంది. కనుక ఈ పువ్వు మన విశ్వాసానికి రుజువు కాదు. అది ఒక జ్ఞాపిక. దీన్ని చూపించి పొరుగువారితో వాదించనక్కరలేదు. వారి పేరును వెక్కిరించనూ కూడదు.

ఇక ఆ అబ్బాయి సందేహం. 'ప్యాషన్' అనే మాటకు మొదటి అర్థం బాధ అనుభవించడమే. మనిషిని లోబరచుకునే గాఢమైన భావం, కోరిక అన్న అర్థాలు తరువాత వచ్చి చేరాయి. ఇప్పుడు మామూలు వాడుకలో పాత అర్థం చాలావరకు మరుగునపడి, ఆ తరువాతి అర్థాలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. అయితే అదే మూలం నుండి పుట్టిన మరొక మాట మన ఊళ్ళలో రోజూ వినిపిస్తుంది. అది 'పేషెంట్'. అంటే బాధపడేవాడు, బాధను ఓర్చుకునేవాడు. శ్రమల పువ్వు పేరు, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి పేరు ఒకే వేరు నుండి మొలిచాయి.

ఇది మనకు గట్టి పాఠం. గోడ మీది పువ్వులో ప్రభువు గాయాలను లెక్కపెట్టడం సులువు. పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారిలో, నెలల తరబడి మందులు మింగుతున్న పొరుగువానిలో ఆ గాయాలను చూడడం కష్టం. ఈ జాతిలో చాలా పువ్వులు ఒక్కరోజుకే ముడుచుకుపోతాయి. చూడవలసినవారు ఆ రోజే చూడాలి. రోగి విషయమూ అంతే. రేపు పలకరిద్దామనుకుంటే ఆ రేపు మనకు దక్కకపోవచ్చు.

తల్లిదండ్రులారా, తపస్సు కాలంలో సిలువ మార్గానికి వెళ్ళేటప్పుడు, ఈ తీగ ఎక్కడైనా పూసి ఉంటే పిల్లలకు చూపించండి. పేరుకు అర్థం చెప్పండి. ఆ తరువాత వారి చెయ్యి పట్టుకొని, మీ విచారణలో మంచం పట్టిన ఒకరి ఇంటికి తీసుకువెళ్ళండి. పాఠం అప్పుడే పూర్తవుతుంది.