అనంతగిరి ఎక్కే ముందు హెరాల్డ్‌కు మూడు రోజుల పని

వానలు వెనకపట్టి, దసరా దాటి, కంది చేలు పచ్చగా పూతకొచ్చాక మా దౌల్తాబాద్ ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు తీస్తాను. లోపల 1960ల నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ ఉంటుంది. మూడు రోజులు దాని మీద పని చేస్తే నాలుగో రోజు పొద్దున అది అనంతగిరి ఘాట్ ఎక్కుతుంది. ఇన్నేళ్లుగా ఈ పని నాకు పండగలాగే ఉంది. అది ఎట్లా చేస్తానో మొదటి నుంచీ చెప్తాను.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారేనా అని చాలామంది అడుగుతారు. ట్రయంఫ్ వాళ్లు 1959లో ఇంగ్లండ్‌లో ఈ బండిని తెచ్చారు. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. 1962లో ఇదే ఛాసిస్‌ను పొట్టి చేసి, ఇద్దరు కూర్చునే స్పిట్‌ఫైర్ చేశారు. ప్రపంచమంతా ముద్దు చేసిన ఆ చిన్న స్పోర్ట్స్ కారు మన హెరాల్డ్‌కు సొంత చెల్లెలు. ముందు చక్రాల అమరిక, స్టీరింగ్, వెనక ఇరుసు రెంటికీ ఒకే రక్తం. మన దేశంలో 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ దీన్ని తయారుచేసింది. ఇంజిన్ 948 సీసీ, బరువు 800 కిలోల చుట్టూ. పరుగు పెద్దగా ఉండదు. కానీ సీటు నేలకు దగ్గర, స్టీరింగ్ చేతికి దగ్గర. అరవైలో పోతుంటే చక్రం కింద పడ్డ కంకర రాయి కూడా అరచేతికి తెలుస్తుంది. ఎనిమిది మీటర్ల లోపు జాగాలో గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. మా ఊరి ఇరుకు గల్లీల్లో ఆ ఒక్క గుణానికే దీన్ని నెత్తిన పెట్టుకోవచ్చు.

మొదటి రోజు పొద్దుటి పని దుమ్ము దులపడం. నీళ్ల పైపును అప్పుడే ముట్టుకోను. తాండూరు చుట్టుపక్కల దుమ్ము మామూలు మట్టి కాదు. బండల క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీల లారీలు లేపే సున్నపురాయి పొడి అది. దాని మీద నీళ్లు పడితే ముద్దవుతుంది, ఆరితే సందుల్లో గచ్చులా పట్టేస్తుంది. అందుకే ముందు ఎండు బ్రష్‌తో ఛాసిస్ మూలలు, కమాను పట్టీల మధ్యలు, తలుపుల కింది అంచులు దులుపుతాను. ఆ తర్వాతే నీళ్లు. హెరాల్డ్‌కు బాడీ వేరు, ఛాసిస్ వేరు. బాడీ ముక్కలుగా వచ్చి బోల్టులతో కూర్చుంటుంది. ఆ ముక్కలు కలిసే చోట తడి మట్టి నిలిస్తే తుప్పు లోపలి నుంచి తింటుంది. స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ పక్క చేతుల మీద తట్టుకుంటూ పోతాను. గట్టి చోట ఖంగుమంటుంది, తిన్న చోట బొద్దుగా పలుకుతుంది. బొద్దు శబ్దం వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, గీకి, రెడ్ ఆక్సైడ్ కొడతాను.

షెడ్డు నేల తాండూరు బండలే. చల్లగా ఉంటాయి, వెల్లకిలా పడుకుంటే వీపుకు హాయి. కానీ జాకీ కింద చెక్క లేకుండా బండి ఎత్తారా, బరువంతా ఒక్క చోట దిగి బండ పగులుతుంది, బండి పక్కకు జారుతుంది. రెండంగుళాల మందం చెక్క వేసే ఎత్తుతాను, స్టాండ్ల కింద కూడా చెక్కే. బ్యాటరీని ఆ నేల మీద దింపను. యాసిడ్ చుక్క పడితే సున్నపురాయి బుసబుస పొంగి గుంట పడుతుంది. బ్యాటరీ విషయంలో ఇంకొక మాట. నా బండిలో పాజిటివ్ తీగే బాడీకి పోతుంది, ఆనాటి లూకాస్ కంపెనీ పద్ధతి అది. కొత్త కుర్రవాడు అలవాటుగా నెగటివ్‌ను బాడీకి బిగించేస్తాడు. అందుకే ట్రే మీద పెద్ద ఎర్ర అక్షరాలతో రాసిపెట్టాను.

ఇక బానెట్. రెండు పక్కలా ఉన్న కొక్కేలు విప్పి పైకి లాగితే మడ్గార్డులు, లైట్లతో సహా బండి ముందు భాగమంతా ముందుకు ఒరుగుతుంది. ఇంజిన్, రేడియేటర్, స్టీరింగ్, ముందు చక్రాల కీళ్లు అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. నేను టైరు మీద కూర్చుని పని చేస్తాను. ఈ రోజుల కార్లలో చెయ్యి పోని సందులు, విప్పలేని మూతలు ఎన్నో. ఇందులో నా చెయ్యి చేరని బోల్టు ఒక్కటీ లేదు, ఈ బండి మీద నా ప్రేమంతా అక్కడే పుట్టింది.

పానాల దగ్గర జాగ్రత్త. ఇవి అంగుళాల బోల్టులు. 13 నంబర్ పానా అర అంగుళం బోల్టుకు పట్టినట్టే ఉంటుంది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ 0.3 ఖాళీ చాలు, గట్టిగా తిప్పగానే మూలలు అరిగి బోల్టు గుండ్రమవుతుంది. అంగుళాల పానాల సెట్టు ఒకటి విడిగా కొని పెట్టుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ బండి కొంచెం నడిపి వేడి చేసి దించుతాను. 20డబ్ల్యూ-50 గ్రేడ్, నాలుగు లీటర్ల పైచిలుకు, కొత్త ఫిల్టర్. ఇందులో దాచవలసిన విద్య ఏమీ లేదు.

రెండో రోజు ఇంజిన్ పూర్తిగా చల్లారాక టాపెట్ సెట్టింగ్. దీని కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. వాల్వ్ కవర్ తీస్తే ఎనిమిది వాల్వులు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క దానికి రాకర్‌తో 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు సందు ఉండాలి. ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలో గుర్తుంచుకోవడానికి తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి వరుసగా ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకోండి. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకుని కిందికి దిగి ఉన్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి. రెండోది తెరిస్తే ఏడోది, మూడోది తెరిస్తే ఆరోది. తెరిచినదీ సెట్ చేసేదీ కలిపితే ఎప్పుడూ తొమ్మిది.

ఇంజిన్ తిప్పడానికి ప్లగ్గులు తీసేసి, బండిని టాప్ గేర్‌లో వేసి, కొద్దికొద్దిగా నెట్టాలి. ఆ పని నా మేనల్లుడిది.

"మామా, ఇంకింత నూకాల్నా?"

"నూకు… నూకు… ఆగు! మూడోది దిగింది. ఇప్పుడు ఏది?"

"ఆరు!"

ఫీలర్ గేజ్ రేకు సందులో పెట్టి లాగితే పలచటి కాగితాన్ని పుస్తకంలోంచి లాగినట్టు కాస్త పట్టు ఉండాలి. లాక్ నట్ బిగించాక మళ్లీ చూడాలి, బిగింపులో స్క్రూ కాస్త తిరుగుతుంది. సందు పోయిన ఏడు కన్నా తగ్గిందా అని నోటు పుస్తకంలో చూసుకుంటాను. ఎందుకంటే ఈ ఇంజిన్ పుట్టినప్పుడు పెట్రోల్‌లో సీసం ఉండేది, అది వాల్వు కూర్చునే గద్దెను కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం లేని పెట్రోలే. గద్దె అరిగితే వాల్వు పైకి జరిగి సందు తగ్గుతుంది. ఏటేటా ఒకే వాల్వు దగ్గర తగ్గుతూ పోతే హెడ్ దించి గట్టి ఇనుప సీట్లు వేయించే రోజు దగ్గరపడిందని అర్థం.

డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లకు 0.015 అంగుళం, ప్లగ్గులకు 0.025. అదే పూట అయిపోతుంది.

పెట్రోల్ దారికి మాత్రం ఎక్కువ సమయం ఇస్తాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, పంపులోని పొర దానికి మెత్తబడి చిట్లుతాయి. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు ఓర్చే రకంతో మార్చేశాను. షెడ్డులో పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేస్తాను. ఈ రెండూ చేశాక కార్బ్యురేటర్ జెట్లు మూసుకుపోవడం ఆగింది. పనిలో పనిగా తీగలన్నీ వెతికి చూస్తాను. మా దగ్గర కంది కట్టె షెడ్డు పక్కనే పేరుస్తారు, అందులో ఎలుకలు కాపురం పెడతాయి. ఒక ఏడు హెడ్‌లైట్ తీగలు కొరికి, ఎయిర్ క్లీనర్‌లో గూడు కట్టాయి. అప్పటి నుంచి గొట్టాల నోళ్లన్నీ గుడ్డతో మూసి, ఏ గుడ్డ ఎక్కడుందో రాసి పెడుతున్నాను.

మూడో రోజు ముందు చక్రాలు. హెరాల్డ్ ఉన్నవాళ్లు ఇంకేది మరిచినా ఇది మరవకూడదు. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింది కొన మరలా ఉంటుంది. ఆ మర ఒక ఇత్తడి దిమ్మెలో తిరుగుతుంది, దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ బోల్టు నట్టులో తిరిగినట్టు కడ్డీ ఆ దిమ్మెలో తిరుగుతుంది. చూస్తే గ్రీజు కొట్టే చోటులాగే ఉంటుంది, అందరూ గ్రీజే కొడతారు. కానీ అక్కడ కావలసింది నూనె, 90 నంబర్ గేర్ ఆయిల్. గ్రీజు మర లోతుకు దిగదు. పైనే గట్టిపడి, కింద చేరిన నీళ్లను బయటికి పోనివ్వదు. మర తుప్పు పట్టి, పలచబడి, ఒక రోజు పుటుక్కున తెగుతుంది. చక్రం లోపలికి మడుచుకుపోతుంది.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలియలేదు. బండి కొన్న కొత్తలో ఒక వర్క్‌షాపులో ముందు కీళ్లన్నిటికీ గ్రీజు నింపించాను. కొన్ని నెలలకు పొలం దారిలో, అదృష్టవశాత్తు నడక వేగంలో, ఎడమ చక్రం ఒరిగిపోయింది. తెగిన ముక్క ఇప్పటికీ షెడ్డు గోడకు వేలాడదీసి ఉంది. ఆ వేగం అరవై అయి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

చేయవలసిన పద్ధతి ఇది. గ్రీజు ఎప్పుడూ ఎరగని గన్ ఒకటి విడిగా పెట్టుకోండి, అందులో గేర్ ఆయిల్ నింపండి. ట్రాక్టర్లు ఉన్న ప్రతి మండల కేంద్రంలోనూ ఈ నూనె దొరుకుతుంది. చక్రాన్ని నేల నుంచి లేపి, ట్రనియన్ ప్లగ్గు తీసి నిప్పిల్ బిగించి, స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ నూనె ఎక్కించాలి. మొదట నల్లటి బురద వస్తుంది, తర్వాత గోధుమ రంగు, చివరకు తేటగా నూనె. తేటగా వచ్చేదాకా ఆపకూడదు. పుస్తకం చెప్పే గడువు వేల కిలోమీటర్లది. మా దుమ్ముకు నేను 1500 కిలోమీటర్లకే ఎక్కిస్తాను.

బ్రేకులు, రేడియేటర్ నీళ్లు, ఫ్యాన్ బెల్టు చూసుకుని టైర్లకు వస్తాను. ముందు 21 పౌండ్ల చుట్టూ, వెనక 26 చుట్టూ. గాలి కొట్టే అబ్బాయి నాలుగింటికీ 30 పెడతానంటాడు, వద్దనాలి. దీని వెనక ఇరుసు రెండు రెక్కల్లా ఊగే రకం. వెనక టైర్లకు ఆ ఒత్తిడి తేడా ఉంటేనే బండి మలుపులో నిలకడగా ఉంటుంది.

కాగితాల పని ఈ మూడు రోజుల్లోది కాదు గానీ చెప్పాలి. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబర్ ప్లేటు మీద వీఏ అక్షరాలు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. గౌరవమైన ప్లేటే. కానీ ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోల్‌కో తప్ప రోజువారీగా నడపకూడదు. నాకు ఆదివారాలు కావాలి, అందుకే మామూలు ఆర్సీనే ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయిస్తున్నాను. పైకప్పు బోల్టుల మీదే ఉంటుంది కాబట్టి విప్పి ఓపెన్ టాప్ చేయమని స్నేహితులు ఉసిగొల్పుతారు. ఆర్సీలో ఉన్న రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం చట్టం ఒప్పదు. నాకూ ఆ కప్పు వంపు ఇష్టమే.

నాలుగో రోజు తెల్లవారుజామున బయలుదేరతాం. కొడంగల్ మీదుగా హైవే ఎక్కి, పరిగి దాటి, వికారాబాద్ వైపు. లారీలు లేవని వేళ అది. అనంతగిరి అడవి మొదలవగానే అద్దాలు దించుతాం. మూసీ పుట్టే కొండలు ఇవి, కార్తీకంలో చలి మోచేతుల దాకా తాకుతుంది. ఇక్కడ కాలికి ఒక నేర్పు కావాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేశారా, బండి వెనక భాగం లేస్తుంది, బయటి చక్రం కిందికి ముడుచుకుంటుంది, టైరు పట్టు తప్పి తోక జారుతుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి. మూడో గేర్‌లోకి దిగి, కాలు సన్నగా నొక్కి ఉంచి, అదే నిలకడతో మలుపు దాటాలి. అప్పుడు వెనక భాగం నేలకు అతుక్కుని, స్టీరింగ్ రెండు వేళ్ల పని అవుతుంది. చెట్ల నీడలు బానెట్ మీదుగా జారుతుంటాయి. పక్కన మేనల్లుడు మాట్లాడడు, ఇంజిన్ శబ్దం వింటుంటాడు. రాకర్ల చప్పుడు సమానంగా ఉందా అని.

పద్మనాభస్వామి గుడి దగ్గర ఆపి నాలుగు చక్రాల మధ్యలో చెయ్యి పెట్టి చూస్తాం. ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసిందని లెక్క. దర్శనం చేసుకుని, ధారూరు, తాండూరు మీదుగా తిరిగి వస్తాం. ఇల్లు చేరి ఇంజిన్ చల్లారాక ఒక ప్లగ్గు తీస్తాను. బిస్కెట్ రంగులో ఉంటే పెట్రోల్, గాలి సరిగ్గా కలుస్తున్నాయి. నల్లగా ఉంటే కార్బ్యురేటర్ మళ్లీ చూడాలి.

ఈసారి బిస్కెట్ రంగే. మేనల్లుడు టార్చి పట్టుకుని ముందు చక్రాల కింద దూరాడు. ట్రనియన్ల పై అంచున నూనె చెమ్మ, దాని చుట్టూ తాండూరు దుమ్ము సన్నటి తెల్ల వలయంలా అంటుకుని ఉందట. నోటు పుస్తకం అడిగి తీసుకుని వాడే రాశాడు: "రెండు వైపులా నూనె ఉంది. కారుతలేదు."