మధ్యాహ్నం మాత్ర జేబులో ఉండాలి

గుండె పంపింగ్ తగ్గిందని ఎకోలో తేలాక డాక్టరు రాసే మందుల్లో చాలావరకు పొద్దునొకటి, రాత్రొకటి. అవి ఇంట్లోనే అయిపోతాయి. హైడ్రలజైన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ జోడీ అలా కాదు, సాధారణంగా రోజుకు మూడుసార్లు. నడిమిది డ్యూటీలో పడుతుంది. తప్పేదీ అదే.

హైడ్రలజైన్ ధమనులను సడలిస్తుంది కాబట్టి రక్తాన్ని బయటికి నెట్టడానికి గుండె పడే శ్రమ తగ్గుతుంది. ఐసోసార్బైడ్ ముఖ్యంగా సిరలను వదులు చేసి, గుండెకు తిరిగొచ్చే రక్తపు ఒత్తిడిని తగ్గిస్తుంది. ఈ రెండింటి ప్రభావమూ కొన్ని గంటలే. మధ్యాహ్నంది మరిచి రాత్రికి రెండు డోసులూ కలిపి వేసుకుంటే బీపీ పడిపోవచ్చు. మాత్ర బ్యాగులో కాదు, ఒంటి మీద చొక్కా జేబులో ఉండాలి; బ్యాగు లాకర్లో ఉంటుంది, మీరు లైను మీద ఉంటారు. నైట్ షిఫ్టులు మారేవాళ్ళు ఆ వారం టైములు డాక్టరునే అడిగి రాయించుకోవాలి.

ఈ జోడీ గురించి ఫోనులో వెతికితే నల్లజాతివాళ్ళ మందు అని కనిపిస్తుంది. కంగారు వద్దు. ఈ రెండూ కలిసిన బైడిల్ అనే బిళ్ళకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది, అదీ తమను నల్లజాతీయులుగా చెప్పుకునే రోగులకే. అంతకుముందు అలాంటి 1,050 మంది మీద జరిపిన ఎ-హెఫ్ట్ పరీక్షలో మరణాలు 43 శాతం తగ్గడంతో దాన్ని ముందుగానే ఆపేశారు. మందును ఒక జాతికి కట్టేయడం మీద అప్పట్లో పెద్ద రగడే జరిగింది, జరగాల్సిందే. కిడ్నీలు దెబ్బతినో, పొటాషియం పెరిగో మామూలు గుండె మందులు పడనివాళ్ళకు, ఏ జాతివాళ్ళయినా సరే, డాక్టర్లు ఈ జోడీని వాడతారు.

అసలు తంటా తలనొప్పి. ఆ పరీక్షలో మందు వాడినవాళ్ళలో దాదాపు సగం మందికి వచ్చింది. కణతలు టకటకా కొట్టుకుంటాయి. రోజులు గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, కానీ మొదటి వారంలోనే విసుగొచ్చి మానేసేవాళ్ళున్నారు. మానొద్దు, డాక్టరుకు చెబితే డోసు తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచుతారు. మొదలుపెట్టే రోజూ, డోసు పెంచే రోజూ సెలవుకు కలిసొచ్చేలా అడగండి. నొప్పికి పారాసెటమాల్ చాలు, అదీ డాక్టరును అడిగే. మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగితే ఒంట్లో నీరు చేరి ఆయాసం మళ్ళీ మొదటికొస్తుంది.

రెండోది, లేచినప్పుడు కళ్ళు తిరగడం. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేవకండి. నిచ్చెన ఎక్కే ఎలక్ట్రీషియన్, స్టీరింగు పట్టే డ్రైవరు, పొయ్యి దగ్గర చెమటలు కక్కే వంటమాస్టరు మొదటి రోజుల్లో మరీ జాగ్రత్త. సూపర్‌వైజరుకు జబ్బు చరిత్రంతా విప్పక్కర్లేదు. “ఒంటిగంటకు మాత్ర వేసుకోవాలి సార్, ఈ వారం ఎత్తు పని వద్దన్నారు” అంటే చాలు. కాగితం అడిగితే డాక్టరు ఇస్తారు. డ్యూటీ దిగాక మందు కొట్టే అలవాటుంటే బీపీ ఇంకా పడుతుంది.

అడగడానికి మొహమాటపడేది ఇంకొకటుంది. పడకగది కోసం కొనే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటి మాత్రలు ఈ జోడీతో కలిస్తే బీపీ ప్రాణాపాయం దాకా జారిపోవచ్చు. ఎప్పుడైనా వేసుకుని ఉంటే ఎమర్జెన్సీలో డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి.

నెలలు గడిచాక కీళ్ళ నొప్పులు, జ్వరం, ఒంటి మీద దద్దుర్లు మొదలైతే పని ఎక్కువై వచ్చాయనుకుని బామ్ రాసుకుంటూ కూర్చోకండి. హైడ్రలజైన్ కొందరిలో లూపస్ లాంటి లక్షణాలు తెస్తుంది. మందు పేరున్న చీటీతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.