ఆపకపోవుటయు నేరమే

ప్రశ్న: మాది కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. నా భర్త చేపల చెరువు కాపలాదారు. పదవ తరగతి ముగించిన మా అమ్మాయికి పదునారేండ్లు. మా ఆడపడుచు కుమారునితో ఈ శ్రావణములో ముడిపెట్టవలెనని అత్తగారు పట్టుబట్టుచున్నారు. ఇప్పుడు తాళి మాత్రము కట్టించి, పదునెనిమిది నిండిన పిమ్మట కాపురమునకు పంపుదమందురు. ఆధార్‌లో వయస్సెక్కువ పడినది గనుక భయము లేదట. నాకు మనస్సొప్పుట లేదు.
— ఒక తల్లి, కైకలూరు ప్రాంతము

జవాబు: అమ్మా, చట్టము మీ మనస్సు పక్షముననే యున్నది. కాపురమును వాయిదా వేసినంత మాత్రమున నేరము తొలగదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమునకు తాళి కట్టుటయే నేరము. దాని 11వ సెక్షను, పెండ్లి చేసిన తల్లిదండ్రులనే గాక, చేయనిచ్చినవారిని, అశ్రద్ధచే ఆపనివారిని సైతము దోషులుగా నెంచి, రెండేండ్ల వరకు కఠిన కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాను నిర్దేశించుచున్నది. పైగా, మైనరు బిడ్డకు పెండ్లి జరిగినచో, పెద్దలు తమ జాగ్రత్తను రుజువు చేసికొనువరకు, వారు ఆపుటలో అశ్రద్ధ చేసిరనియే న్యాయస్థానము భావించును. స్త్రీలకు ఖైదు లేదన్న మినహాయింపును చూచి అత్తగారు ధైర్యపడుచుండవచ్చును గాని, ఆ ఖైదు మీ భర్తకు తప్పదు.

ఇక ఆధార్ మాట. వయోనిర్ణయమునకు మొదట చూచునది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రము, లేదా పదవ తరగతి సర్టిఫికెట్టు. అవి లేనప్పుడే పంచాయతీ జనన ధ్రువపత్రము. అదియు లేనినాడే ఎముకల పరీక్ష. మీ అమ్మాయి మార్కుల జాబితాలో అచ్చయిన తేదీ ముందు ఆధార్ నిలువదు. ఇక కాపురపు వాయిదా మాట. మేనరికపు ఇండ్లలో పండుగకును పబ్బమునకును రాకపోకలు తప్పవు. తాళి కట్టినవానిని రెండేండ్లు దూరముంచగల పెద్దలెవరు? భార్యయైనను పదునెనిమిది నిండనిచో ఆ సంగమము అత్యాచారమేయని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తీర్పు చెప్పినది. అమ్మాయి మేనత్త కుమారుడు జైలుపాలగుట అత్తగారికి మాత్రము ఇష్టమా? ఈ మాటనే ముందుగా ఆమెతో చెప్పుడు. వినకున్నచో అంగన్‌వాడీ కార్యకర్తకైనను, బాలల సహాయపు ఫోను 1098కైనను తెలుపుడు. మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ ఇచ్చిన పిమ్మట జరిగిన పెండ్లి చెల్లనే చెల్లదు.

ప్రశ్న: ఇంటరు చదువుచున్న మా అమ్మాయి, పదునేడేండ్లది, వీధిలోని యువకునితో దగ్గరైనది, తన ఇష్టముతోనే యనుచున్నది. పెద్దమనుషులలో పెట్టి పెండ్లి చేయుదమా?
— ఒక తండ్రి, తాడేపల్లిగూడెము

జవాబు: వలదు. 1891లో పన్నెండేండ్లుగా నుండిన సమ్మతి వయస్సు, 2012 నవంబరు 14న పోక్సో చట్టము, అనగా లైంగిక నేరములనుండి బాలల రక్షణ చట్టము, అమలులోనికి వచ్చిన నాటినుండి పదునెనిమిది. ఆమె ఇష్టమన్నను చట్టము గుర్తింపదు, పెండ్లి మరియొక నేరమగును. పెద్దమనుషుల రాజీకి ఇచ్చట చోటు లేదు. తెలిసియు పోలీసులకు తెలుపకుండుటకు ఆరు నెలల వరకు శిక్ష గలదు. బిడ్డను కొట్టకుడు, కాలేజీ మాన్పింపకుడు. ఇంత జరిగిన పిమ్మటను మీతో నిజము చెప్పిన పిల్ల అది. ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు, బాలలకు ఉచితముగా న్యాయవాదినిత్తురు, ముందచ్చటికి పొండు. వాంగ్మూలమునకు ఆమెను స్టేషనుకు త్రిప్పనక్కరలేదు. యూనిఫారము లేని పోలీసు అధికారి, సాధ్యమైనంతవరకు మహిళయే, మీ ఇంటికే వచ్చి, మీ సమక్షముననే వ్రాసికొనవలెను.